ఆటగాడికీ ఒక సర్వీసు రిజిస్టరు కావాలి

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా ఆలూరులో జరిగిన సభలో విశ్రాంత ఫిజికల్ డైరెక్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం ఈ సభ జరుపుకుంటున్నాం. 1982లో అదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షను దయాభిక్ష కాదనీ, చేసిన సేవకు దక్కవలసిన హక్కనీ తీర్పు ఇచ్చింది. కరువు భత్యం బకాయిల గురించి, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. నా ఉద్యోగమంతా ఆటస్థలంలో, మెడలో ఈలతో గడిచింది. కనుక నాకు తెలిసిన విషయమే మాట్లాడతానని కార్యదర్శి గారికి ముందే మనవి చేసుకున్నాను. వారు పెద్ద మనసుతో ఒప్పుకున్నారు.

నేను మాట్లాడబోయేది కాలేజీలో, యూనివర్సిటీలో చదువుకుంటూ ఆటలాడే పిల్లల గురించి. వాళ్లకూ పెన్షనర్లకూ ఏమిటి సంబంధం అని మీకు అనిపించవచ్చు. సంబంధం ఉంది. ఆ పిల్లల దగ్గర లేనిది మన దగ్గర ఉంది. అదేమిటో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మన పిల్లలకు కాళ్ల సత్తువ తక్కువ కాదు

మన ప్రాంతం సంగతి మీకు తెలియనిది కాదు. 1953 అక్టోబరు 1 వరకు ఆలూరు, ఆదోని తాలూకాలు బళ్లారి జిల్లాలో ఉండేవి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో కలిశాయి. జిల్లా మారినా వాన మారలేదు. పత్తి, బుడ్డలు, జొన్న, కొర్ర వేసుకుని ఆకాశం వైపు చూసే బతుకులే. పంట పోయిన ఏడు ఊళ్లకు ఊళ్లు సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, తెలంగాణ వైపు పత్తి తీయడానికి లారీలు, ఆటోలు ఎక్కుతాయి.

ఇటువంటి ఊళ్లలో పెరిగిన పిల్లలకు ఓర్పు ఎవరూ నేర్పనక్కరలేదు. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, దూర పరుగు - వీటిల్లో మన పిల్లలు ఎవరికీ తీసిపోరు. తేరు పండగ రోజున ఊరి బయట బీడులో సున్నం గీతలు గీసి ఆడిన కబడ్డీలోనే ఎందరో ఆటగాళ్లు పుట్టారు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు వాళ్లను గుర్తిస్తారు, జిల్లా పోటీలకు తీసుకుపోతారు. ఇంటరు అయిపోతుంది. అక్కడి దాకా బండి బాగానే నడుస్తుంది.

చిక్కంతా ఆ తరువాతే. పిల్లవాడు డిగ్రీకి ఆదోనికో, కర్నూలుకో, అనంతపురానికో వెళతాడు. కొత్త ఊరు, కొత్త హాస్టలు. ఉదయం 5 గంటలకు సాధన, 9 గంటలకు తరగతులు, సాయంత్రం మళ్లీ సాధన. తెలుగు మాధ్యమంలో చదివినవాడికి పాఠాలన్నీ ఇంగ్లీషులో. 2021-22 విద్యా సంవత్సరంలో మన రాష్ట్రంలో డిగ్రీ కోర్సులను ఇంగ్లీషు మాధ్యమానికి మార్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆరు నెలలకోసారి సెమిస్టరు పరీక్షలు. వాటి నడుమ పోటీలు. వీటన్నిటినీ ఎలా సర్దుకోవాలో ఆ పిల్లవాడికి చెప్పేవారు ఉండరు. అమ్మానాన్నలు చదువుకున్నవాళ్లు కారు, పైగా ఆ సమయానికి సుగ్గిలో ఉంటారు.

ఇక్కడికి దగ్గరి ఊరి కుర్రవాడొకడు దూర పరుగులో మంచివాడు. పెద్ద ఊళ్లో కాలేజీలో సీటు వచ్చింది. వెళ్లి మూడు వారాలకు సంచి భుజాన వేసుకుని తిరిగి వచ్చేశాడు. ర్యాగింగు ఏమైనా జరిగిందేమోనని కంగారుగా అడిగాను. వాడు తల వంచుకుని చెప్పిన మాట నా చెవుల్లో ఇప్పటికీ ఉంది: "ఆడ ఎవురూ తిట్టలేదు సార్. ఎవురూ మాట్లాడనూ లేదు." మెస్సు డిపాజిట్టు కట్టడానికి గడువు అడగవచ్చని వాడికి తెలియదు. ఎవరిని అడగాలో తెలియదు. అడగడానికి సిగ్గు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. కానీ అడగడం కూడా ఒకరు నేర్పితే వచ్చే విద్యే కదా!

ఆ కుర్రవాడు ఓడిపోయింది పరుగులో కాదని మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఇతరులు ఏం చేశారు?

ఈ కష్టం మనకొక్కరికే వచ్చింది కాదు. అమెరికాలో విశ్వవిద్యాలయాల ఆటలంటే మన దగ్గర సినిమాలకున్నంత మోజు. అక్కడ కూడా ఆటగాళ్లు చదువులో వెనుకబడటం, ఆట అయిపోగానే దిక్కుతోచక నిలబడటం చాలా కాలం సాగింది. జార్జియా టెక్ అనే విద్యాసంస్థలో 1980 నుంచి 1997 దాకా క్రీడా విభాగానికి అధిపతిగా పనిచేసిన హోమర్ రైస్ అనే ఆయన, విద్యార్థిని ఆటగాడిగా మాత్రమే చూస్తే చాలదనీ, సంపూర్ణ మనిషిగా తయారు చేయాలనీ ఒక కార్యక్రమం పెట్టారు. అది చూసి అక్కడి విశ్వవిద్యాలయ క్రీడల సంఘం 1994లో దేశమంతటికీ జీవన నైపుణ్యాల కార్యక్రమాన్ని ప్రారంభించింది. చదువు, ఆట, వ్యక్తిత్వం, వృత్తి, సమాజ సేవ - ఈ ఐదూ కలిస్తేనే విద్యార్థి క్రీడాకారుడని వారి సిద్ధాంతం. అంత డబ్బున్న దేశంలో కూడా కాలేజీ ఆటగాళ్లలో ఆటనే వృత్తిగా చేసుకోగలిగేవారు నూటికి ఇద్దరు కూడా ఉండరని ఆ సంఘమే చెబుతుంది. మిగిలిన తొంభై ఎనిమిది మంది సంగతేమిటన్నదే వారి ప్రశ్న. మన ప్రశ్న కూడా అదే.

అదే కాలంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా బడిపిల్లలకు నేర్పవలసిన పది జీవన నైపుణ్యాలు చెప్పింది. తన్ను తాను తెలుసుకోవడం, ఇతరుల బాధ అర్థం చేసుకోవడం, ఆలోచించి నిర్ణయం తీసుకోవడం, సమస్యను విడదీసి చూడడం, స్పష్టంగా మాట్లాడడం, ఒత్తిడినీ కోపతాపాలనూ అదుపులో పెట్టుకోవడం వంటివన్నీ అందులో ఉన్నాయి. చదువుతుంటే ఇవన్నీ మన పెద్దలు ఇంట్లో చెప్పినవేనని మీకు అనిపిస్తుంది. నిజమే. చెప్పే పెద్దలు ఇంట్లో లేని పిల్లలకే ఇవి పాఠాలు కావలసి వచ్చాయి.

అంత దూరం కూడా పోనక్కరలేదు. మన పక్కనున్న అనంతపురంలో 2010లో టెన్నిస్ వీరుడు రఫాయెల్ నాదల్ ఫౌండేషను, గ్రామీణాభివృద్ధి ట్రస్టు కలిసి పేద పిల్లలకు టెన్నిస్ పాఠశాల ప్రారంభించాయి. రాకెట్టు పట్టుకోవడంతో పాటు ఇంగ్లీషు, కంప్యూటరు కూడా నేర్పాలని పద్ధతి పెట్టుకున్నారు. అందరూ నాదల్‌లు కాలేరని వారికి తెలుసు. టెన్నిస్ పేరుతో పిల్లవాడు మైదానానికి వస్తాడు, వెళ్లేటప్పుడు నాలుగు మాటలు మాట్లాడగల మనిషిగా వెళతాడు.

మన దగ్గర అంత డబ్బు లేదు, అంత పెద్ద పేర్లూ లేవు. కానీ ఈ హాల్లో కూర్చున్న వారి సర్వీసు అంతా కూడితే వేల సంవత్సరాలవుతుంది. అది ఎందుకు పనికి వస్తుందో చెబుతాను.

కాగితం లేని పరుగు

విశాఖపట్నం అమ్మాయి యర్రాజి జ్యోతి పేరు మీరందరూ పత్రికల్లో చూసి ఉంటారు. వంద మీటర్ల హర్డిల్స్ పరుగులో దేశంలో ఆమెకు సాటి లేరు. తండ్రి సెక్యూరిటీ గార్డు. పేదింటి పిల్ల. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున పోటీ చేసింది. 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిదిరెలో జరిగిన అఖిల భారత అంతర్విశ్వవిద్యాలయ పోటీల్లో ఆమె 13.03 సెకన్లలో పరుగు ముగించింది. అప్పటికి జాతీయ రికార్డు 2002లో అనురాధా బిస్వాల్ నెలకొల్పిన 13.38 సెకన్లు. అంటే పద్దెనిమిదేళ్ల నాటి రికార్డు బద్దలైంది. కానీ దానిని రికార్డుగా గుర్తించలేదు. కారణం, అక్కడ ఆమెకు మాదకద్రవ్య పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేరు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో మళ్లీ 13.09లో పరుగెత్తింది. ఈసారి వెనుక గాలి సెకనుకు 2.1 మీటర్ల వేగంతో వీచింది. అనుమతించేది 2.0 మాత్రమే. అదీ చెల్లలేదు. ఆఖరికి 2022 మే 10న సైప్రస్ దేశంలోని లిమసోల్‌లో 13.23లో పరుగెత్తినప్పుడు రికార్డు ఆమె పేరున రాశారు. తాను అంతకు ముందే రెండుసార్లు అంతకంటే వేగంగా పరుగెత్తి ఉండి కూడా!

ఆమె తట్టుకుని నిలబడింది. 2023 ఆగస్టులో చైనాలోని చెంగ్డూలో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78 సెకన్లతో కాంస్యం తెచ్చింది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లింది. కానీ నేను మీకు చెప్పదలచింది ఆమె పతకాల గురించి కాదు. ఎంత వేగంగా పరుగెత్తినా, నిబంధన ప్రకారం కాగితం మీదికి ఎక్కకపోతే ఆ పరుగు లెక్కలోకి రాదు. ఈ సంగతి మనకంటే బాగా ఎవరికి తెలుసు? ఇంక్రిమెంటు ఎంట్రీ ఒకటి సర్వీసు రిజిస్టరులో పడకపోతే పెన్షను లెక్కలో ఎంత తిప్పలు పడ్డామో మనలో ప్రతి ఒక్కరికీ ఒక కథ ఉంది. బతికి ఉన్నామని ఏటా మనమే వెళ్లి ధ్రువపత్రం ఇచ్చి వస్తున్నాం.

ఆటగాడికీ అటువంటి రిజిస్టరు ఒకటి కావాలి. కాలేజీ టోర్నమెంటులో ఎంపికైతే విశ్వవిద్యాలయం జట్టు, అక్కడి నుంచి దక్షిణ మండల పోటీలు, ఆపైన అఖిల భారత పోటీలు - ఇలా మెట్లున్నాయి. ప్రతి మెట్టు దగ్గరా ఒక ధ్రువపత్రం ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు క్రీడాకారుల నియామకంలో నమూనా పత్రాలున్నాయి. అంతర్జాతీయ పోటీలకు ఒకటవది, జాతీయ పోటీలకు రెండవది, అంతర్విశ్వవిద్యాలయ పోటీలకు మూడవది, పాఠశాలల జాతీయ పోటీలకు నాలుగవది. మూడవ నమూనా మీద సంతకం చేయవలసింది విశ్వవిద్యాలయంలో క్రీడల డీను గానీ, క్రీడలకు మొత్తం బాధ్యత వహించే అధికారి గానీ. కాలేజీ ప్రిన్సిపాలు సంతకం దానికి చాలదు.

ఇది ఎందుకింత విడమరిచి చెబుతున్నానంటే, కబడ్డీలో విశ్వవిద్యాలయానికి ఆడిన ఒక కుర్రవాడు ఉద్యోగ పరిశీలనకు వెళ్లి ఈ సంతకం దగ్గరే ఆగిపోయాడు. అతని దగ్గర ఉన్నది కప్పు పట్టుకున్న ఫోటో, ప్రిన్సిపాలు ఇచ్చిన మెచ్చుకోలు పత్రం. సరైన పత్రం తెచ్చుకునేసరికి గడువు దాటింది. ఆ నోటిఫికేషను మళ్లీ వచ్చేనాటికి వయసు దాటింది. ఇవాళ జిన్నింగు మిల్లులో పత్తి బేళ్లు ఎత్తుతున్నాడు. కష్టపడి బతకడంలో తప్పు లేదు. కానీ అతని బతుకును మార్చగలిగింది ఒక సంతకం, ఆ సంతకం ఎవరిదో చెప్పే ఒక గుమాస్తా బుద్ధి. మన దగ్గర ఉన్నది అదే కదా!

2024లో మన రాష్ట్ర ప్రభుత్వం కొత్త క్రీడా విధానంలో ఉద్యోగాలలో క్రీడాకారుల వాటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది. వాటా పెరిగింది గనుక కాగితాల విలువ కూడా పెరిగింది.

హాజరు, పరీక్ష, పోటీ

రెండవ సంగతి హాజరు. డిగ్రీలో నూటికి 75 హాజరు ఉండాలన్నది నిబంధన. జట్టుతో పోటీలకు వెళ్లిన రోజులను సెలవుగా కాక విధి నిర్వహణగా లెక్క వేయించుకోవాలంటే వెళ్లేముందు దరఖాస్తు పెట్టాలి, వచ్చాక పాల్గొన్నట్లు పత్రం జత చేయాలి. మనం టూరు వెళ్లేముందు ఆర్డరు తీసుకుని, వచ్చాక డైరీ, బిల్లు పెట్టినట్లే. పిల్లలు ఇది చేయరు. సారుకు తెలుసులే అనుకుంటారు. సారు బదిలీ అయిపోతారు. సెమిస్టరు చివర హాజరు చాలలేదని పరీక్షకు కూర్చోనివ్వకపోతే అప్పుడు ఏడుస్తారు. పరీక్ష పోతే ఏడాది పోతుంది. అంతర్విశ్వవిద్యాలయ పోటీలకు వయోపరిమితి 25 ఏళ్లు. ఆటగాడికి ఏడాది అంటే చిన్న విషయం కాదు.

చదువూ ఆటా రెండూ సాగవని మన ఇళ్లలో ఒక మాట ఉంది. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతిసురేఖను చూడండి. ఇంజనీరింగు చదువుతూనే విల్లు పట్టింది, ఎం.బి.ఏ. కూడా చదివింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది. ఆమె వెనుక ఆమె కుటుంబం రాయిలా నిలబడింది. అటువంటి అండ లేని పిల్లలకు ఒక కాలపట్టిక గీసి ఇచ్చి, వారానికోసారి చూసే మనిషి ఉంటే చాలు. అంతకంటే మంత్రమేమీ లేదు.

తిండి, మందు, ఆడపిల్లల సంగతి

ఇంట్లో ఉన్నన్నాళ్లూ జొన్నరొట్టె, పప్పు, బుడ్డల పొడి తిన్న పిల్లవాడు హాస్టలుకు పోగానే, బలానికి డబ్బాల్లో పొడులు కొనమని ఎవరో చెబుతారు. ఇంటి నుంచి పంపిన డబ్బు దానికి పోతుంది. అది పోయినా ఫరవాలేదు, కొన్ని పొడుల్లో, ఇంజక్షన్లలో నిషిద్ధ పదార్థాలుంటాయి. 2022లో మన పార్లమెంటు మాదకద్రవ్య నిరోధక చట్టమే చేసింది. తెలియక తిన్నాను అంటే నిబంధన ఒప్పుకోదు. ఏళ్ల తరబడి నిషేధం పడుతుంది. జలుబు మాత్ర వేసుకున్నా డాక్టరు చీటీ దాచుకోవాలని, తాను క్రీడాకారుడినని డాక్టరుకు ముందే చెప్పాలని పిల్లలకు నేర్పాలి. మనలో వైద్యశాఖలో, ఫార్మసీలో పనిచేసి రిటైరైనవారున్నారు. ఒక్క సాయంత్రం పిల్లలను కూర్చోబెట్టి ఈ సంగతి చెబితే ఎంత మేలు! ఒక గుప్పెడు బుడ్డలు, ఒక బెల్లం ముక్క, రెండు గుడ్లు చేసే పని ఆ డబ్బాకంటే తక్కువేమీ కాదని కూడా చెప్పండి.

ఆడపిల్లల విషయంలో మరీ జాగ్రత్త కావాలి. పోటీకి వేరే ఊరు వెళ్లాలంటే ఇంట్లో పంపరు. పంపకపోవడానికి వారి భయాలు వారికున్నాయి. ఆ భయాన్ని కొట్టిపారేయకూడదు. జట్టు వెంట మహిళా మేనేజరు వస్తున్నారా, బస ఎక్కడ, తిరుగు ప్రయాణం ఎప్పుడు - ఇవి అడిగి తెలుసుకోవడం తల్లిదండ్రుల హక్కు. ఎవరైనా అసభ్యంగా ప్రవర్తిస్తే ప్రతి ఉన్నత విద్యాసంస్థలోనూ అంతర్గత ఫిర్యాదుల సంఘం ఉండాలని యు.జి.సి. 2015లో నియమాలు చేసింది. ఈ సంగతి ఆడపిల్లకూ తెలియాలి, ఆమె తల్లికీ తెలియాలి.

ఖోఖో ఆడే అమ్మాయి ఒకతె నాకు గుర్తుంది. కాలి వేగం ఎంతటిదంటే, వెనక్కి తిరిగి చూసేలోగా స్తంభం దాటేది. డిగ్రీ రెండో ఏడు డిసెంబరులో ఇంటిల్లిపాదీ సుగ్గికి బయలుదేరారు. ఒక్కర్తినీ ఊళ్లో వదిలిపోలేరు గనుక ఆమెనూ లారీ ఎక్కమన్నారు. అప్పటికి విశ్వవిద్యాలయ జట్టులో పేరు వచ్చి ఉంది. ఒక రిటైర్డు పంతులమ్మ, ఆమె భర్త ఆ సంగతి తెలిసి తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లారు. "అమ్మా, మీరు తిరిగొచ్చేదాకా ఈ పిల్ల మా ఇంట్లో ఉంటుంది. మా మనవరాలితో సమానం" అని మాట ఇచ్చారు. మూడు నెలలు అంతే. వారికైన ఖర్చు ఒక మనిషి తిండి. ఆ అమ్మాయి పోటీలకు వెళ్లింది, పరీక్షలు రాసింది, తరువాత వ్యాయామ విద్యలో శిక్షణ పొందింది. ఇవాళ వేరే జిల్లాలో బడిపిల్లల చేత ఖోఖో ఆడిస్తోంది.

ఓటమి తరువాత

ఇక చివరి సంగతి, అన్నిటికంటే కష్టమైనది. ఓటమి, గాయం. మోకాలి నరం తెగిన రోజున ఆటగాడి చుట్టూ ఉన్న జనం పలచబడిపోతారు. పుల్లెల గోపీచంద్ కుర్రవయసులో భారత విశ్వవిద్యాలయాల బ్యాడ్మింటన్ జట్టుకు నాయకుడు. 1994లో మోకాలికి పెద్ద గాయమైంది, శస్త్రచికిత్సలు జరిగాయి. కోలుకుని 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. తరువాత సైనా నెహ్వాల్, సింధు వంటివారిని తీర్చిదిద్దారు. అంతటివారు 2025 ఫిబ్రవరిలో ఒక పత్రికతో మాట్లాడుతూ, డబ్బున్న కుటుంబమైతేనో, ఇంటికి వ్యాపారం ఉంటేనో తప్ప పిల్లలను ఆటల్లోకి దింపవద్దని తల్లిదండ్రులకు చెబుతానన్నారు. ఆట ముగిశాక బతుకుతెరువు దొరకని ఆటగాళ్లను కళ్లారా చూసిన మనిషి ఆయన. ఆ మాట చాలామందికి కష్టం కలిగించింది. నాకూ కలిగించింది. కానీ అబద్ధమని అనలేకపోయాను.

అయితే ఆ మాటకు జవాబు పేద పిల్లలను మైదానం నుంచి ఇంటికి పంపడం కాదు. పేద పిల్లవాడికి ఆట ఒక్కటే కాకుండా, ఆట వెనకాల మరొక దారి కూడా తెరిచి ఉంచడం. డిగ్రీ పట్టా, టైపు, కంప్యూటరు, ఇంగ్లీషులో ఒక ఉత్తరం, బ్యాంకులో ఒక ఖాతా, వ్యాయామ విద్య కోర్సు, అంపైరింగు పరీక్ష - ఇవి వెనకాల ఉంటే ఓడిపోయిన రోజున కూడా పిల్లవాడు నిలబడతాడు. లేకపోతే రెంటికీ చెడ్డ రేవడే. ఉద్యోగం ఉన్న రోజుల్లోనే రిటైర్మెంటు గురించి ఆలోచించమని మనకు పెద్దలు చెప్పేవారు. మనకు 58, 60 ఏళ్లకు వచ్చిన రిటైర్మెంటు ఆటగాడికి పాతికేళ్లకే వస్తుంది. ఆ రోజు ఎలా ఉంటుందో, కుర్చీ దిగిన మరునాడు ఉదయం మనసు ఎంత బరువుగా ఉంటుందో మనకు తెలుసు. పాతికేళ్ల పిల్లవాడికి ఆ మాట చెప్పి ధైర్యం ఇవ్వగల అర్హత మనకంటే ఎవరికుంది?

మన సంఘం చేయగలిగినది

పెద్ద పథకాలేవీ ప్రతిపాదించడం లేదు. కార్యవర్గం ముందు నాలుగు చిన్న మనవులు పెడుతున్నాను.

మొదటిది: మన సంఘ కార్యాలయం ఎలాగూ తెరిచే ఉంటుంది. ప్రతి ఆదివారం ఉదయం రెండు గంటలు, ఆటలాడే కాలేజీ పిల్లల కోసం ఒక బల్ల, రెండు కుర్చీలు వేద్దాం. ట్రెజరీలో, రెవెన్యూలో, పంచాయతీరాజ్‌లో, కాలేజీ ఆఫీసుల్లో పనిచేసినవారు వంతులవారీగా కూర్చుని దరఖాస్తులు రాసిపెట్టడం, పత్రాలు సరిచూడడం చేద్దాం.

రెండవది: ప్రతి పిల్లవాడికీ ఒక ఫైలు. పదవ తరగతి సర్టిఫికెట్టులో పుట్టిన తేదీ మొదలు, ఆడిన ప్రతి పోటీ, తేదీ, స్థలం, ఎవరి సంతకం, అన్నీ వరుసగా. అసలు పత్రాలు పిల్లవాడి దగ్గర, నకళ్లు మన దగ్గర. సుగ్గికి పోయేటప్పుడు ఇంట్లో పెట్టెతో పాటు సర్టిఫికెట్లు వానకు తడిసిపోయిన ఇళ్లు నేను చూశాను.

మూడవది: పెద్ద ఊళ్లకు చదువుకు వెళ్లే పిల్లల పేర్లు తీసుకుని, కర్నూలులో, అనంతపురంలో, తిరుపతిలో ఉన్న మన పెన్షనరు మిత్రులకు తెలియజేద్దాం. వారు ఒక్కసారి హాస్టలుకు వెళ్లి "నాయనా, మీ ఊరివాళ్లమే, ఏమైనా కావాలంటే చెప్పు" అంటే చాలు. మూడు వారాలకు సంచి సర్దుకుని వచ్చేసేవాడు మూడేళ్లు ఉండి చదువుకుంటాడు.

నాలుగవది ఇక్కడికి వచ్చిన అమ్మలకు మనవి. సుగ్గి కాలంలో ఆడపిల్ల చదువు, ఆట ఆగిపోతుందని తెలిస్తే, తలుపు తట్టకముందే తలుపు తీయండి. ఆ పంతులమ్మగారు చేసినట్లు చేయండి. వీలుకాకపోతే ఎవరి ఇంట్లో వీలవుతుందో వెతికి పెట్టండి.

సోదరులారా, మనం ఇచ్చే పదిమందిలో ఒక్కరికైనా పతకం వస్తుందని నేను హామీ ఇవ్వలేను. అది లక్ష్యం కూడా కాదు. పదిమంది డిగ్రీ పూర్తి చేసి, తమ పత్రాలు తమ చేతిలో పెట్టుకుని, ఎదుటి మనిషి కళ్లలోకి చూసి తమకేం కావాలో అడగగలిగితే మన పని నెరవేరినట్లే. మన సర్వీసు రిజిస్టర్లు మూసేశారు. ఈ పిల్లల రిజిస్టర్లు ఇప్పుడే తెరుచుకుంటున్నాయి. మొదటి పేజీ సరిగా రాయడానికి మన చేతి రాత పనికి వస్తే అంతకంటే కావలసిందేముంది?

ఆదివారం బల్ల దగ్గర మొదటి వంతు నాది. రెండవ వంతుకు పేరు ఇవ్వదలచినవారు సభ ముగిశాక కార్యదర్శి గారి దగ్గరి పుస్తకంలో సంతకం చేయవలసిందిగా కోరుతున్నాను.